నాలుగు బెంచీల ఇంగ్లీషు

నా చిన్నప్పుడు, జహీరాబాద్‌లో మా వీధికి సరిగ్గా సాయంత్రం అయిదుంబావుకు ఇంగ్లీషు వచ్చేది. ఆ వేళకు ట్యూషన్ సార్ తన ముందుగది తలుపులు రెండూ బార్లా తెరిచేవాడు. గాలి కోసం కాదు. మా అరుపులు రోడ్డు మీద పోయే తండ్రులకు వినపడాలని.

ఆయన పద్ధతి అంత సోమరి పద్ధతిని నేను తర్వాత కూడా ఎక్కడా చూడలేదు. గదిలో నాలుగు బెంచీలు. మొదటి బెంచీ పేరు అరవాలి. రెండోది క్రియ. మూడోది ఆ పని ఎట్లా జరిగిందో చెప్పే మాట. చివరిది ఎక్కడికో, ఎక్కడినుంచో. "రామా" అని ముందువాళ్ళు, "గోస్" అని రెండో బెంచీ, "స్లోలీ" అని మేము, "టు స్కూల్" అని వెనకవాళ్ళు. సార్ బెత్తం వరసగా చూపిస్తే వాక్యం తయారయ్యేది. బయట నిలబడి వింటే గొప్పగా ఉండేది. ఎంత గట్టిగా అరిస్తే అంత చదువు వచ్చినట్టని తండ్రుల నమ్మకం. తలలూపుతూ పోయేవారు. ఒకసారి రెండో బెంచీవాళ్ళు మొత్తం దర్గాలో ఉర్సు జాతరకు పోయి ట్యూషన్‌కు రాలేదు. ఆ రోజంతా మా రాముడు ఏ పనీ చేయకుండానే మెల్లగా బడికి చేరాడు. సార్ ఆపలేదు. గమనించాడని కూడా నేను అనుకోను.

నాది మూడో బెంచీ. ఏడాది పొడుగునా "స్లోలీ", "క్విక్లీ" తప్ప నా నోట మరో ఇంగ్లీషు మాట రాలేదు.

ఏడో తరగతి అయిపోవస్తుంటే మా తాతయ్య ఒక మాట అన్నాడు. హైస్కూలు బస్టాండు అవతల ఉంది. ఆడపిల్లను అంత దూరం పంపాలంటే దానికి ఏమన్నా వచ్చి ఉండాలి. "నేనే ట్యూషన్‌కు వచ్చి వింట. ఇంగ్లీషు చెప్తే ఎనిమిదికి పోతది. లేకుంటె ఇంట్ల ఉంటది." ఆయనకు తాను పండించే అల్లం ధర తెలుసు, ఉర్దూ చదవడం తెలుసు. ఇంగ్లీషు ఒక్క ముక్క తెలియదు. అయినా పరీక్ష ఆయనే పెడతాడు. ఎదురు చెప్పడం మా ఇంట్లో లేదు.

మా మేడకూ పక్కింటివాళ్ళ మేడకూ మధ్య ఒక పిట్టగోడ. పక్కింటి అక్క, మేం ఆపా అని పిలిచేవాళ్ళం, రోజూ దాని మీద కూర్చుని, ప్రైవేటుగా కట్టిన బి.ఏ. పరీక్షకు చదువుకునేది. ఆ సాయంత్రం ఆరేసిన బట్టల చాటున నేను ఏడవడం చూసింది.

"ఏమే, ఎవరా రాముడు?" అంది. "రోజూ మెల్లగనే పోతుండు. బడి బందయ్యేదాక చేరడు. జర ఉరకమనరాదు?"

నాకు నవ్వు రాలేదు. తాతయ్య మాట చెప్పాను.

"గదానికే ఏడుస్తరా? ఒక వాక్యం చెప్పు."

"స్లోలీ" అన్నాను.

"మిగిలింది?"

"అవి వేరే బెంచీలోల్లవి, ఆపా."

ఆపా ఓణీ నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత పుస్తకం మూసింది.

ఆమె బోర్డు మీద రాయలేదు, బెత్తం పట్టలేదు. పిట్టగోడ దగ్గరికి పోయి కిందికి చూడమంది. ఎవరు కనపడ్డారు, ఏం చేస్తున్నారు, ఎట్లా, ఎక్కడ. అంతే. మాట తెలియకపోతే తాను అందించేది. బొంబాయి రోడ్డు మీద లారీ వేగంగా పోయేది. చెరకుబండి ఎద్దులు మెల్లగా మలుపు తిరిగేవి. ఆ "మెల్లగా" ఒక ఎద్దుకు చెందినదని నాకు మొదటిసారి తెలిసింది. ఒక నియమం మాత్రం ఉండేది. చూడనిది చెప్పకూడదు. ఒకరోజు బద్ధకించి, కిరాణా మామ పోస్టాఫీసుకు వేగంగా ఉరుకుతున్నాడని ఇంగ్లీషులో చెప్పాను. వాక్యంలో తప్పు లేదు. ఆపా నన్ను మళ్ళీ గోడ దగ్గరికి పంపింది.

"ఉరుకుతుండా?"

"లేదు ఆపా. కూసోని చెవుల పుల్ల పెట్టుకుంటుండు."

"మరి? ఇంగ్లీషుల చెప్పిన అబద్ధం గూడ అబద్ధమే, పిల్లా."

తాతయ్య అన్నట్టే ఒక సాయంత్రం ట్యూషన్‌కు వచ్చి, చెప్పులు బయట విడిచి తలుపు దగ్గర నిలబడ్డాడు. సార్ ఎగిరెగిరి బెత్తం తిప్పాడు. నాలుగు బెంచీలూ గొంతులు చించుకున్నాయి. తాతయ్య అందరూ ఊపినట్టే తల ఊపాడు. తర్వాత, "మా పిల్లను ఒక్కదాన్నే చెప్పమనుండ్రి" అన్నాడు.

"ఒక్కలతోని కాదు పటేలా. నలుగురు కలిస్తెనే ఇంగ్లీషు."

"బస్టాండు దాటి ఒక్కతే పోతది గద. ఒక్కతే చెప్పాలె."

నేను లేచాను. రాముడి కోసం వెతకలేదు. ఎదురుగా ఏముందో చూశాను. "తాత స్టాండ్స్ క్వైట్లీ నియర్ ది డోర్" అన్నాను.

తాతయ్య సార్ వైపు తిరిగి, ఏమన్నదని అడిగాడు. సార్ నా మాట వినలేదు. వినడం ఆయన పద్ధతిలో లేదు. "రాముడు బడికి పోతున్నడు అంటుంది పటేలా" అన్నాడు.

"మొదట్ల తాత అన్నది. నేను ఇన్న. రాముడు యాడికెళ్ళి వచ్చిండు?"

సార్ బెత్తం చూసుకున్నాడు. తాతయ్య నన్నే అడిగాడు. తాత దర్వాజ కాడ సప్పుడు చేయకుండ నిలవడ్డడని చెప్పాను. ఆయన తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. దర్వాజ వైపు చూశాడు.

"నిజమే" అన్నాడు.

జూన్‌లో నేను బస్టాండు దాటి ఎనిమిదో తరగతికి పోయాను. సార్ తలుపులు తెరుస్తూనే ఉన్నాడు. ఆయన బెంచీలు నిండుతూనే ఉన్నాయి.

ఆపా చనిపోయి ఇప్పటికి నెల కాలేదు. బి.ఏ. అయ్యాక ఆమె చాలాకాలం పాఠాలు చెప్పిన బడిలో సంతాప సభ పెట్టారు. అక్షరదీపం అన్నారు, జ్ఞానగంగ అన్నారు, ఆమె లేని లోటు పూడ్చలేనిదన్నారు. మైకు బాగా పనిచేసింది. అన్నవాళ్ళలో సగం మంది ఆమెను ఎన్నడూ చూడలేదు. పేరు ఒకరు, క్రియ ఒకరు, పొగడ్త ఒకరు అందించి వాక్యం పూర్తి చేస్తుంటే, నాకు బార్లా తెరిచిన ఆ రెండు తలుపులే గుర్తొచ్చాయి. నన్ను మాట్లాడమన్నారు. ఆపా పిట్టగోడ మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ చదువుకునేదని, నవ్వితే ఓణీ నోటికి అడ్డం పెట్టుకునేదని చెప్పి కూర్చున్నాను. తక్కువ మాట్లాడానని ఎవరో గొణిగారు. నేను చూసింది అంతే. అంతకు మించి ఒక్క మాట కలిపినా ఆమె నన్ను గోడ దగ్గరికి పంపేది.

ఇప్పుడు మా వీధి పిల్లలు ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతారు. చెప్పింది నిజమో కాదో చూసి రమ్మని వాళ్ళను ఎవరూ పిట్టగోడ దగ్గరికి పంపరు.