పేరు రాయించుకున్న సైకిలు

వకీలు గారి దగ్గర గుమాస్తాగా ఉండి కూడా, చట్టం ఇచ్చిన హక్కును చేతులారా పోగొట్టుకున్న వైనం చెబుతాను. నవ్వండి, ఏమీ అనుకోను. తెల్లదొరల కాలం. అప్పుడు నా వయసు ఇరవై నాలుగు, బుద్ధి అందులో సగం.

బందరులో మా పక్కింటి సూర్యనారాయణ గారు బడిలో మేష్టారు. ఆయన గుడివాడ వెళ్ళి కొత్త సైకిలు కొన్నారు. మా ఆవిడ కిటికీలోంచి చూసి, "సైకిలెక్కితే ఆయన ఎంత హుందాగా ఉన్నారండీ" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు పూటలు అన్నం సహించలేదు. వారం తిరక్కుండా నేనూ రైలెక్కి, అదే షాపులో అలాంటి సైకిలే కొని తెచ్చాను.

మర్నాడు తుడుస్తుంటే ముందు ఫోర్కుకి రంగు కింద అతుకు కనిపించింది. ఎక్కితే చక్రం తాగినవాడిలా ఊగుతోంది. వకీలు గారికి చూపించాను.

"కొత్తదని చెప్పి అతుకుబండి అంటగట్టాడోయ్. తిప్పి ఇచ్చేసే హక్కు నీకుంది. ఇవాళే వెళ్ళు. నీ సొంతమన్నట్టు వాడుకున్నావా, ఆ హక్కు పోయినట్టే" అన్నారాయన.

ఇలాంటి నోటీసులు రోజూ రాసేవాణ్ణి, నాకు తెలియదా? కానీ ఇచ్చేస్తే మేష్టారు సైకిలు మీద, నేను కాలినడకన. నాలుగు రోజులు దాని మీద తిరిగి, ఆ తరవాత ఇచ్చేద్దామనుకున్నాను. బండికి పసుపు కుంకాలు పెట్టి కొబ్బరికాయ కొట్టాను. అంతటితో ఆగానా? తెల్లరంగుతో నా పేరు కూడా రాయించాను. పొద్దునా సాయంత్రం మేష్టారి గుమ్మం ముందు బెల్లు కొడుతూ తిరిగాను. ఐదో రోజు అతుకు విడిపోయి, బండి నన్ను కాలవలో దింపింది.

బురద కడుక్కుని, బండి తీసుకుని గుడివాడ వెళ్తే షాపాయన నా పేరు నిదానంగా చదివాడు. "బండికి బొట్టు పెట్టారు, పేరు రాయించుకున్నారు. ఇక బండి మీదేనండీ" అన్నాడు. వకీలు గారూ పెదవి విరిచారు. తిప్పి ఇవ్వడం కుదరదు, నష్టపరిహారం మాత్రం అడగొచ్చు, అయితే కొన్నప్పుడే అతుకుందని చెప్పే సాక్షి కావాలన్నారు.

నాకు తెలిసి అదే షాపులో కొన్న మనిషి మేష్టారొక్కరే. సిగ్గు చంపుకుని వెళ్ళాను. ఆయన వంగి ఫోర్కు చూసి చాలా నొచ్చుకున్నారు.

"ఇది నేను మొదట కొన్న బండేనండీ. అతుకు చూసి మర్నాడే తిప్పి ఇచ్చేశాను. ఇప్పుడు తిరుగుతున్నది వాళ్ళు మార్చి ఇచ్చింది. సాక్ష్యం తప్పకుండా చెబుతాను."

ఇంటికొచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కుని, తూర్పుకు తిరిగి ప్రమాణం చేశాను. ఇకమీదట పక్కింటివాళ్ళను చూసి కుళ్ళుకోను. ఒకవేళ తప్పక కుళ్ళుకోవలసి వస్తే, వాళ్ళేం కొన్నారో కాదు, ఏం తిప్పి ఇచ్చారో ముందు కనుక్కుంటాను.