నీలితోక నంబరు చెప్పడానికి హైదరాబాదు వెళ్ళి రావడం

హైదరాబాదులో నాకు ఏ పనీ లేదు. అయినా సోమవారం ఉదయం ఎనిమిదీ పదికి విశాఖపట్నం నుంచి విమానంలో వెళ్ళాను. ఇలాంటి ప్రయాణం చేయాలనుకునే వారికి పనికొస్తాయని వివరాలు రాస్తున్నాను. చేయకపోయినా నష్టం లేదు.

ముందు కారణం చెప్పాలి. నేను ఓడల్లో ఫిట్టర్‌ని. వెల్డింగు, పైపుల పని. కంపెనీ ఇచ్చిన టిక్కెట్టు మీద ఏదో ఒక దేశం ఎగిరి వెళ్ళి ఓడెక్కుతాను, ఆర్నెల్లకి ఇంకేదో దేశంలో దిగి ఎగిరి ఇంటికొస్తాను. విమానం ఎక్కిన ప్రతిసారీ పాయింట్లు వస్తాయి. వాటిని ఎక్కిన కంపెనీలోనే వేయించుకోనక్కర్లేదు. దానితో పొత్తున్న మరో కంపెనీలోనైనా వేయించుకోవచ్చు. ఏ ప్రయాణానివి ఎందులో వేయించాలన్నది మా బావ సింహాచలం చూస్తాడు.

బావ మా అక్క మొగుడు. పోర్టులో క్రేన్ ఆపరేటరు. దువ్వాడలో వాళ్ళ వంటగది గోడకి పాత క్యాలెండరు తిరగేసి కొట్టి, దాని మీద పట్టిక గీశాడు. ఏ టిక్కెట్టు మీద ఏ తరగతి అక్షరం ఉంటే ఎవరెన్ని పాయింట్లిస్తారు, వాటికి గడువెంత, అన్నీ అందులో ఉన్నాయి. నావికుల చవక టిక్కెట్లకి ఎక్కిన కంపెనీ పావు వంతే ఇస్తుందనీ, పొత్తు కంపెనీ పూర్తిగా ఇస్తుందనీ కనిపెట్టింది ఆయనే. కంపెనీల పేర్లు మాత్రం పలకడు. దూరాన ఉన్న పడవని రంగు చూసి పోల్చుకునే జాలరి ఇంట్లో పుట్టాడు కనక, విమానం తోక రంగుని బట్టి ఎర్రతోక, నీలితోక అంటాడు. పదకొండేళ్ళుగా ఈ శాస్త్రం చదువుతున్న మా బావ ఇంతవరకూ విమానం ఎక్కలేదు.

ఎక్కాలని లేక కాదు. ఇరవై రెండేళ్ళుగా క్రేను గదిలో కూర్చుని, తన తలమీదుగా దిగే విమానాల్ని చూస్తున్నాడు. ఒక్కసారి ఆ విమానంలోంచి తన క్రేనుని చూసుకోవాలని ఆయన కోరిక. నేను టిక్కెట్టు కొనిస్తానంటే ఒప్పుకోడు.

"దానం నాకేటికిరా? వాటా అయితే ఎక్కుతాను," అంటాడు.

వాటా సంగతి ఆయన తల్లి పోలమ్మ అత్తనడగాలి. యారాడలో ఉంటుంది. ఒకరి విమానం ఎక్కి ఇంకొకరి దగ్గర పాయింట్లు రాయించుకోవడం గురించి నేను అరగంట చెప్పడానికి సిద్ధమైతే, ఆమెకి అర నిమిషంలో అర్థమైపోయింది.

"ఇందులో ఏటుంది? పక్కోడి పడవెక్కినా మనోడి వాటా మనింటికే గదా వత్తాది. వల బాగుసేసినోడు ఒడ్డు మీదున్నా ఆడికీ వాటా ఉంటాది. కాపోతే ఎవుడికెంతో పడవెక్కక ముందే సెప్పాల," అంది.

నా వల బాగుచేసింది బావే. అందుకని నీలితోకలో ఉన్న పాయింట్లు ఆయన వాటా అని అత్త ఎదుటే ఒప్పుకున్నాను.

ఒక టిక్కెట్టుకి మూడు వందల పాయింట్లు తక్కువయ్యాయి. ఉన్నవాటి గడువు వచ్చే ఆదివారంతో తీరిపోతుంది. మళ్ళీ మొదటినుంచి కూడబెట్టేసరికి విమానాలన్నీ భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోతాయి. అక్కడ దిగే విమానం కింద బావ క్రేను ఉండదు. కాబట్టి బావ తేల్చాడు. నేను ఎర్రతోక ఎక్కి హైదరాబాదు వెళ్ళాలి. దానికొచ్చే ఐదు వందల పాయింట్లు నీలితోకలో వేయించాలి. సాయంత్రం రైలెక్కి తిరిగి రావాలి. గురువారానికి పాయింట్లు పడితే శుక్రవారం ఆయన తన టిక్కెట్టు తీసుకుంటాడు. వెళ్ళడం రైల్లో, రావడం విమానంలో. పైకి లేచేటప్పుడు ఎలాగూ భయంతో కళ్ళు మూసుకుంటాడట, చూడాల్సింది దిగేటప్పుడేనట.

నా విమానం టిక్కెట్టు మూడు వేల నూట యాభై. ఆ డబ్బుతో మిమ్మల్నే పంపొచ్చు కదా అని అక్క అడిగింది. బావ ఆమెని జాలిగా చూశాడు.

ఆరు గంటలకి బావ స్కూటరు మీద దువ్వాడ నుంచి బయలుదేరి, ఆరున్నర దాటాక ఎయిర్‌పోర్టు చేరాం.

"నీలితోక నంబరు టిక్కెట్లో ఎక్కించీసినాను. ఫోన్ నంబరు నాదే ఇచ్చినాను. నువ్వేటీ మాటాడకు, కాయితం తీసుకుని ఎల్లిపో. లోపల టిఫిను తినకు, ఇడ్లీకి మూడొందలు లాగుతారు," అని చెప్పి వెళ్ళిపోయాడు.

కౌంటరులో అమ్మాయి నా ఆధార్ కార్డు చూసి, కంప్యూటరు చూసి, నవ్వింది.

"సార్, మీ పేరు మీద మా కంపెనీ మెంబర్‌షిప్ కూడా ఉంది. ఇంకొక్క ఫ్లైట్ వేస్తే గోల్డ్ కార్డు వస్తుంది. దీన్ని అందులో వేయమంటారా? రెండింట్లో ఒకటే పెట్టగలం."

గోల్డ్ కార్డు సంగతి బావ పట్టికలో లేదు. నాకు మాత్రం తెలుసు. అది ఉంటే పొత్తు కంపెనీలు దిగే ప్రతి ఎయిర్‌పోర్టులో లాంజులోకి రానిస్తారు. పోయినసారి ఓడ దిగి వస్తూ, విమానం మారేచోట పదకొండు గంటలు ఇనుప కుర్చీలో కూర్చున్నాను. వంగి వెల్డింగు చేసిన నడుము, దానికొక బెల్టు. ఎదురుగా అద్దాల తలుపు వెనక మనుషులు బూట్లు విప్పుకుని మెత్తటి కుర్చీల్లో పడుకుని ఉన్నారు. ఆ అమ్మాయి అడిగినప్పుడు నాకు అత్త గుర్తు రాలేదు, బావ గుర్తు రాలేదు. ఆ తలుపే గుర్తొచ్చింది.

"వేసేయండి," అన్నాను.

ఆమె నాలుగు మీటలు నొక్కి బోర్డింగ్ పాస్ ఇచ్చింది. లోపలికి వెళ్ళి ఇడ్లీ కూడా తిన్నాను. రెండు వందల ఎనభై. బావ అన్నదానికంటే ఇరవై తక్కువే.

నా పక్క సీటులో ఒక పెద్దావిడ కూర్చుంది. రిటైరైన టీచరట. ఒళ్ళో జిప్పు కవరు వేసిన బైబిలు పెట్టుకుంది. సికింద్రాబాదులో చెల్లెలి ఇంటికి వెళ్తోంది.

"హైదరాబాదులో ఏటి పని బాబూ?" అంది.

"ఏ పనీ లేదండి."

"ఉద్యోగం కోసమా?"

"కాదండి, ఉంది."

"ఆస్పత్రికా?"

"నడుం నొప్పి ఉందండి. దానికోసం కాదు."

ఆవిడ నా మొహం కొంచెంసేపు చూసి, ప్రార్థన చేయనా అని అడిగింది. వద్దనడానికి కారణం దొరకలేదు. "ప్రభువా, ఈ బిడ్డ ఎందుకెల్తన్నాడో ఇతనికే తెలవదు. నువ్వే మంచి బుద్ధినిచ్చి ఎనక్కి తీసుకురా తండ్రీ," అంది. అటు పక్క కూర్చున్నాయన కూడా ఆమెన్ అన్నాడు. నేనూ అన్నాను. తర్వాత దిగేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను గానీ ఏమీ చూడలేదు.

తొమ్మిదింబావుకి హైదరాబాదు. రైలు సాయంత్రం ఐదు దాటాక. సికింద్రాబాదు వెళ్ళే బస్సులు బయటే ఉన్నాయి. ఎక్కాలనిపించక బయటికొచ్చే దారిలో కుర్చీలో కూర్చున్నాను. అదీ ఇనుపదే. అత్త ఎదుట ఒక మాట, కౌంటరు దగ్గర ఇంకో మాట. నాకు సిగ్గేసింది. ఈ వయసులో మనిషికి అంత సిగ్గు ఉంటుందని అనుకోలేదు. పదకొండు గంటలకి లేచి ఎర్రతోక ఆఫీసుకి వెళ్ళి, పొద్దున్నటి పాయింట్లు నీలితోకలోకి మార్చమని అడిగాను. ఎగిరాక మార్చడం కుదరదన్నారు. పడవ విషయంలో అత్త చెప్పిందీ అదే.

పన్నెండుకి ఫోను తీశాను. బావ పెట్టిచ్చిన యాప్‌లోనే మూడూ ఇరవైకి వైజాగ్ వెళ్ళే ఎర్రతోక విమానం, ఆరు వేల ఎనిమిది వందల నలభై. నొక్కేశాను. రైలు టిక్కెట్టు రద్దు చేశాను. ఈ డబ్బుతో బావని రెండుసార్లు విమానంలో తేవచ్చు. కానీ అది దానమవుతుంది. బస్సులు ఆగే చోట పెరుగన్నం తిన్నాను, నూట ఇరవై. గోల్డ్ కార్డు రెండు మూడు రోజులకి గానీ పడదట కనక లాంజు తలుపు దగ్గరికి వెళ్ళలేదు.

కౌంటరులో అడక్కముందే నీలితోక నంబరు చెప్పాను. మళ్ళీ చెప్పాను. బోర్డింగ్ పాస్ మీద అచ్చయిన అంకెల్ని వేలు పెట్టి చదువుకున్నాను. నా వెనకాయన, "అయిందాండీ?" అన్నాడు. అయిందన్నాను.

ఎడమ పక్క కిటికీ దొరికింది. నాలుగూ ఇరవై దాటాక విమానం సముద్రం మీదికి వెళ్ళి వెనక్కి తిరిగింది. డాల్ఫిన్స్ నోస్ కొండ వచ్చింది, దాని వెనకే పోర్టు, బొగ్గు కుప్పలు, ఒక ఓడ. ఓడ పక్కన పసుపు రంగు క్రేను. పిన్నీసంత ఉంది. గబుక్కున అద్దానికి మొహం ఆనించాను. కంటి రెప్ప వేస్తే పోయేటంతసేపే ఉంది గానీ స్పష్టంగా కనిపించింది. కొక్కెం పైకి లాగి ఉంది, క్రేను కదలడం లేదు. ఈ వారం బావది మధ్యాహ్నం రెండింటి షిఫ్టు కదా, టీకి దిగాడేమో అనుకున్నాను.

బయటికొస్తే బావ నిలబడి ఉన్నాడు, చేతిలో హెల్మెట్టు.

"నాను రైల్లో గదా రావాల. నీకెలా తెల్సింది బావా?"

"పొద్దున్నే నా ఫోనుకి నీ బోర్డింగ్ పాస్ వచ్చింది. దాని మీద ఎర్రతోక నంబరుంది."

నేను నేల చూశాను.

"మరి ఫోన్ సెయ్యలేదేటి?"

"సేసి ఏటంటాను? నీ నడుం సంగతి నాకు తెల్దా? గోల్డ్ కార్డు వస్తే లాంజులో మెత్తగా కూకుంటాడు పోనీ అనుకున్నాను. పన్నెండుకి ఇంకో టిక్కెట్టు మెసేజొచ్చింది. సెలవెట్టేసి వచ్చీసినాను."

రెండో బోర్డింగ్ పాస్ అడిగి తీసుకున్నాడు. నంబరు సరిచూసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఐదున్నరకి గాజువాక సిగ్నల్ దగ్గర ఆగాం. మొత్తం మీద ప్రయాణం బాగానే జరిగింది. ఖర్చు కొంచెం ఎక్కువ, ఇడ్లీ ఫరవాలేదు, హైదరాబాదు గురించి చెప్పడానికి ఏమీ లేదు. బావ వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"క్రేను కనపడిందేటి?"

"లేదు బావా. నిద్దరోయాను."

ఆయన భుజాలు కాస్త వదులయ్యాయి. ఇరవై రెండేళ్ళ క్రేను. ముందు ఆయనే చూడాలి. సిగ్నల్ పడింది, స్కూటరు కదిలింది. కొంత దూరం పోయాక నాకు ఇంకో సంగతి తట్టింది. కుడి పక్క సీటు తీసుకుంటే ఆయనకి ఊరంతా కనిపిస్తుంది, క్రేను తప్ప.

"బావా," అన్నాను, "ఎడం పక్క కిటికీ తీసుకో."

నిద్రపోయినవాడికి ఎలా తెలుసని బావ అడగలేదు.