నిప్పు లేని పొయ్యి మీద గొలుసు

ఆ బొమ్మను మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మసిబారిన దూలం నుంచి ఒక ఇనుప గొలుసు వేలాడుతోంది. దాని కింద తలకు రుమాలు కట్టుకున్న ఒక ముసలమ్మ కూర్చుని, గొలుసు చివర కొక్కేన్ని బూడిదతో తోముతోంది. "అయ్యో, బిడ్డ పోయినట్టుంది పాపం! ఉయ్యాల తీసేశారు," అన్నాను. మరేమనుకోమంటారు? మా కోనసీమలో దూలానికి గొలుసు వేలాడుతోందంటే దానికి ఉయ్యాల ఉండాల్సిందే.

పక్కనున్న స్నేహితురాలు పడీ పడీ నవ్వింది. ఆవిడ జోర్డాన్‌లో పుట్టి పెరిగిన చెచెన్ మనిషి. జెడ్డాలో నేను నర్సుగా ఉన్న ఆసుపత్రిలోనే ఫిజియోథెరపీ చేసేది, మా హాస్టల్లోనే ఉండేది. ఆ బొమ్మ వేసినతను వాళ్ళ జాతివాడే, ఈ కాలంవాడే. చుట్టాలను చూడ్డానికి తన పూర్వీకుల దేశంలోని గ్రోజ్నీ వెళ్ళినప్పుడు దాని అచ్చుప్రతి కొనుక్కొచ్చి, బలద్ పాత బజారు సందుల్లో ఫ్రేము కట్టించి, మా అంతస్తు వంటగది గోడకు తగిలించింది. "ఉయ్యాలేమిటి! అది వంటకుండ తగిలించే గొలుసు," అంది.

కుండేది మరి? పొయ్యిలో నిప్పేది? బొమ్మ ఫోటో తీసినట్టే ఉంటుంది, దాపరికం లేదు. గోడకు తూటాల చిల్లులు, వాటి మీద కొత్తగా మెత్తిన మట్టి. తలుపు తెరిచే ఉంది. పొయ్యి పక్కన మూడుకాళ్ళ పీట ఒకటి, దాని మీద ఎవరూ లేరు. నాకు అందులో పేదరికం తప్ప ఏమీ కనిపించలేదు.

ప్రతీకలు అనే మాట వింటేనే నాకు చిరాకు. పీటను చూపించి అది పీట కాదంటారు. కానీ ఆవిడ చెప్పింది వేరు. వాళ్ళలో ఆ గొలుసే ఇల్లట. దాన్ని అవమానిస్తే ఇంటిని అవమానించినట్టే. పగవాడైనా సరే, లోపలికొచ్చి ఆ గొలుసు పట్టుకున్నాడంటే ఇక అతను అతిథి, అతని మీద చెయ్యెత్తడానికి లేదు. ఒకప్పుడు వాళ్ళ జనాన్నంతా ఇళ్ళలోంచి లాగి రైళ్ళెక్కించి ఎక్కడికో తోలేశారట. ఆవిడ చుట్టాల్లో ఒక పెద్దావిడ అప్పుడు బట్టల మూట వదిలేసి గొలుసు ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట.

"కుండ రేపైనా దొరుకుతుంది. ఆ పీట ఎవరొస్తే వాళ్ళది," అంది ఆవిడ. "ఆమె ఏడుస్తోందనుకున్నావా? సరిగ్గా చూడు."

చూశాను. ముసలమ్మ పళ్ళు బిగించి ఉంది. కోపంగా, ఎవరితోనో తేల్చుకునేదానిలా తోముతోంది. ఆ కోపం నాకు భలే నచ్చింది.

తర్వాత జోర్డాన్‌లో ఉన్న ఆవిడ భర్తకు ధహ్రాన్‌లో ఉద్యోగం వచ్చింది, ఆవిడా అక్కడికి వెళ్ళిపోయింది. బొమ్మను మాత్రం తీసుకెళ్ళలేదు. పొయ్యి ఉన్నచోటే ఉండనీ అంది.

అలా ఉండగా తలుపు మీద కాగితం అంటించారు. వంటగది మూసేస్తారట, దుప్పట్ల గోదాం చేస్తారట, ఇక అందరూ మెస్సులోనే తినాలట. ఎందుకయ్యా అంటే, మేం వండే ఎండు నెత్తళ్ళ చేపల వాసన వరండా దాకా వస్తోందని ఎవరో చాడీ చెప్పారు. మా నెత్తళ్ళు కంపట! మెస్సులో ఉడికే కోడి అత్తరు పూసుకుని వస్తుంది కాబోలు.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఇక్కడ నాదంటూ ఏముంది? గది ఆసుపత్రిది, మంచం ఆసుపత్రిది, ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు వాళ్ళ చేతిలోది. డ్యూటీ దిగి కాళ్ళు లాగుతూ వచ్చిన పిల్లను "రా, ఇంత తిని పడుకో" అని నేను పిలవగలిగే చోటు ఈ భూమ్మీద ఆ వంటగది ఒక్కటే. అది పోతే నేను ఒట్టి అద్దె మనిషిని.

"అక్కా, మనకెందుకు గొడవ? ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపేస్తారు," అంది నా గదిలో ఉండే నరసాపురం అమ్మాయి.

"పంపితే పంపనియ్యవే. అన్నం వండుకుందని పంపేశారని ఊళ్ళో గర్వంగా చెప్పుకుంటాను."

స్టవ్వు విప్పడానికి వచ్చిన మెయింటెనెన్స్ అతను జగిత్యాలవాడు. గార్డు గుమ్మంలో నిలబడితే లోపలికొచ్చి తల దించుకున్నాడు. "నన్నేం జెయ్యమంటవక్కా? ముదీర్ తియ్యమన్నడు, తీస్తున్న. గోడ మీది ఫోటో గూడ తియ్యమన్నడు."

"స్టవ్వు మీ మేనేజరుది, పట్టుకుపో. బొమ్మ మీద చెయ్యి వేశావంటే ఊరుకోను."

అతను బొమ్మకేసి చూశాడు. "గీ గొలుసేందక్కా, తొట్టెలదా?" అన్నాడు. వాళ్ళ వైపు ఉయ్యాలను అలాగే అంటారు. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. అదేమిటో చెప్పాను. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, స్టవ్వు భుజానేసుకుని వెళ్ళిపోయాడు. బొమ్మ తగిలించిన మేకు జోలికి రాలేదు.

ఆ సాయంత్రం మెస్సు పొట్లం తెచ్చుకుని స్టవ్వు లేని వంటగదిలో కూర్చున్నాను. ముందుగా స్టవ్వు ఉండే గట్టును సబ్బు పెట్టి తోమాను. నరసాపురం పిల్ల తొంగిచూసి, గొణుక్కుంటూనే తన పొట్లం తెచ్చుకుంది. మర్నాడు మలయాళీ అమ్మాయిలు వచ్చారు, తర్వాత ఫిలిప్పీన్స్ వాళ్ళు. రోజూ గట్టు తోమడం, నేలంతా నిండిపోయి తినడం. దుప్పట్ల పెట్టెలు తెచ్చినవాళ్ళు కాలు పెట్టే చోటు లేక వెనక్కి తిరిగేవాళ్ళు.

చివరికి వార్డెన్ వచ్చింది. కాగితం అంటించింది ఆవిడే. "ఇక్కడ స్టవ్వే లేదు. ఏం చేస్తున్నారు?" అంది.

"శుభ్రం చేస్తున్నాను మేడమ్."

"ఏముందని?" అంటూ వచ్చి గట్టు మీద అరచెయ్యి ఆనించింది.

ఏం చెయ్యను? పగవాడు గొలుసు పట్టుకున్నాడు. అప్పటిదాకా ఆవిణ్ణి నాలుగు దులుపుదామనే ఉన్నాను, ఒట్టు. కానీ మూల ఉన్న స్టూలు లాగి ముందు వేశాను. "కూర్చోండి మేడమ్, తిందురుగాని."

అందరూ నములుతున్నది ఆపేశారు. ఆవిడ నన్ను చూసింది, ఆ పిల్లల్ని చూసింది. రోజంతా నిలువుకాళ్ళ మీద ఉండి డ్యూటీ దిగి వచ్చిన మనిషే ఆవిడా. కూర్చుంది. నా పొట్లంలోంచి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మొహం వికారంగా పెట్టి, "దీన్నా మీరు తింటున్నది?" అంది.

"మీరు తినమన్నదే కదా," అన్నాను.

ఆ ముద్ద మింగి, చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళింది. దుప్పట్ల పెట్టెలు మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకు జగిత్యాలతను స్టవ్వు భుజానేసుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ వచ్చాడు. "వార్డెన్ మేడం జెప్పిందంట, మళ్ల పెట్టమన్నరక్కా. గాని వాసన బయటికి రావొద్దంట. కిటికీలు మూసుకొని వండుకోమన్నరు."

అలాగే అన్నాను. అతను వెళ్ళగానే బలద్ నుంచి తెప్పించి దాచిన ఎండు నెత్తళ్ళు తీశాను. వంకాయలు వేసి, చింతపండు పిసికి, ఘాటుగా దించాను. జగిత్యాలతనికి డబ్బా కట్టి గార్డు చేత పంపాను. వార్డెన్‌కు ఇంకో డబ్బా. వండినంతసేపూ కిటికీలు బార్లా తెరిచే ఉంచాను.