ఎండలో చూసి కొన్న లైటు

కొడవలూరు పక్కన మా ఊళ్ళో చర్చి వాళ్ళమంతా కలిసి ఒక పాత వ్యాను కొని, ఆంబులెన్సుగా మార్చుకున్నాం. నడిపేది నేను. పక్కన కూర్చునేది మా వదిన. ఆవిడ నర్సుగా చేసి రిటైరైన మనిషి. వ్యానుకు తెల్లరంగు వేయించి, అక్షరాలు రాయించాక, పైన పెట్టే ఎల్ఈడీ లైటు మాత్రం మిగిలింది. ఏ రంగులు పెట్టాలో రవాణా ఆఫీసులో కనుక్కుని, ఇద్దరం నెల్లూరు వెళ్ళాం.

బండ్ల లైట్లమ్మే భాయ్ కొట్లో మూడు రకాలు వెలిగించి చూపించాడు. మూడూ ధగధగలాడాయి. అన్నిట్లోకీ ఎక్కువ మిరుమిట్లు గొలిపేది నాకు తెగ నచ్చేసింది.

"నీడలో అన్నీ బాగానే ఉంటాయి భాయ్. ఎండలో పెట్టు చూద్దాం" అంది వదిన.

భాయ్ నవ్వుతూ మొదటిది తెచ్చి వ్యాను నెత్తిన పెట్టాడు. అడుగున అయస్కాంతం ఉంది, టక్కున అతుక్కుంది. వైరు కిటికీలోంచి తెచ్చి లోపలి సాకెట్లో గుచ్చాడు. వదిన గొడుగేసుకుని వీధి చివరిదాకా నడిచి, అక్కణ్ణుంచి ఫోన్ చేసింది.

"వేసినారా?"

"వెలుగుతా ఉండాది వదినా!"

"నాకేం కనపళ్ళా. తీసెయ్యండి."

రెండోది నేను మెచ్చింది. దాన్ని వెలిగించగానే ఎదురుగా వస్తున్న స్కూటరాయన మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆగిపోయాడు.

"కళ్ళు మూసుకుంటే దారెట్టా ఇస్తారు మేయ్!" అని వదిన ఫోన్లో కసిరింది.

మూడోది వెడల్పుగా, పక్కలకు కూడా వెలుగు చిమ్మేలా ఉంది. అది వెలుగుతుండగానే ఒకాయన నా దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. వదిన నిలబడ్డ వైపే, వీధి చివర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఆటోలో ఆయన భార్యకు నొప్పులొస్తున్నాయట.

"లైటు చూసి వచ్చినానక్కా. రండక్కా!"

మా వ్యానులో ఇంకా మంచం కూడా లేదు, సైరనూ లేదు. ఆ మాట చెప్పేలోపే, ఫోన్లో అంతా విన్న వదిన గొడుగు మూసి ఆటో దగ్గరికి చేరిపోయింది. ఆమెను మెల్లగా వ్యాను దగ్గరికి నడిపించుకొచ్చి, భార్యాభర్తల్ని వెనక సీట్లో ఎక్కించి తనూ ఎక్కింది. నేను స్టీరింగ్ పట్టుకున్నాను. సాకెట్లో వైరు వదులుగా ఉందని భాయ్ కొట్టు అలాగే వదిలేసి నా పక్కన కూర్చున్నాడు. ఒక చేత్తో వైరు అదిమి పట్టుకుని, కిటికీలోంచి తల బయటపెట్టి, "జరగండన్నా, జరగండి!" అని దారంతా అరుస్తూనే ఉన్నాడు.

ముందున్న బండ్లు ఒక్కొక్కటే పక్కకు తప్పుకుంటుంటే నాకు ధైర్యం వచ్చింది. కూడలిలో అడ్డంగా రాబోయిన లారీ కూడా లైటు చూసి ఆగింది. వెనక వదిన, "ఊపిరి పీల్చుకో తల్లీ, వచ్చేసినాం" అంటూనే ఉంది.

ఆస్పత్రిలోకి తీసుకెళ్ళిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. ఆ తండ్రి బయటికొచ్చి భాయ్‌ని గట్టిగా కావిలించుకున్నాడు. అరిచి అరిచి భాయ్‌కి గొంతు పోయింది, ఊరికే తల ఊపాడు.

తిరిగి కొట్టుకొచ్చాక ఆ లైటునే బోల్టులు వేసి బిగించాడు. వదిన పక్క కొట్లోంచి మజ్జిగ తెప్పించి, ముందు ఆయనకే ఇచ్చింది.