డోరీన్ కుడిచేయి

అమెరికాలో ఎండలు మండే టక్సన్‌లో ఉత్తరాలు పంచే డోరీన్ కుడిచేయి ఎడమచేతికన్నా పదేళ్లు ముసలిది. ఆమె బండికి స్టీరింగు కుడివైపు. రోడ్డు పక్కనుండే ఇంటింటి ఉత్తరాల పెట్టెకీ ఆ చేతినే ఎండలోకి చాపాలి. నిరుడు మోచేతి కింద క్యాన్సరు మచ్చ కోసి తీసిన డాక్టరు, సన్‌స్క్రీన్ మానితే మళ్లీ కోతేనన్నాడు. అప్పటినుంచి రెండు గంటలకోసారి బండి ఆపి, భుజం నుంచి వేళ్లదాకా తెల్లగా పులుముకుంటుంది. ట్యూబు వెనక రసాయనాల పేర్లున్నాయని కూతురు టెస్సా చెప్పేదాకా చూడలేదు.

"అవి రక్తంలోకి పోతాయటమ్మా. పాపను ఆ చేత్తో ఎత్తుకోకు."

"పోతే ఏమవుతుందట?"

"ఇంకా తేలలేదట."

"తేలనిదానికి నా మనవరాలిని దూరం పెడతావుటే?"

ఇవాళ టెస్సా పాపతో తన ఇంటి పెట్టె దగ్గరే నిలబడింది. బండి దిగిన డోరీన్ ఎడమచేత్తో పాపను అందుకుని, కుడిచేతిని వెనక దాచుకుంది. పాప జారబోయింది. దాచిన చేయే చప్పున వచ్చి పట్టుకుంది. ఆ తెల్లటి బొటనవేలిని పాప నోట్లో పెట్టుకుంది. డోరీన్ వేలు లాగేసరికి ఏడుపందుకుంది.

"ఇప్పుడేం చేయమంటావే? ఈ పూత కడుక్కోనా, ఉంచుకోనా?"

టెస్సా తల్లి మోచేతి కింది కుట్ల గీతను చూసింది, పాప నోరు చూసింది.

"ఏమోనమ్మా. ముందు నీడలోకి పద."