మాస్టారి చెప్పుల భయం

భానుమూర్తి మాస్టారికి చెప్పులు పోతాయని భయం.

ఆ మాటకొస్తే అది ఎవరికి లేదు అనకండి. గుళ్లో చేతులు జోడించి మనసు గుమ్మం బయట వదిలేసేవాళ్లం మనమంతా ఉన్నాం. మాస్టారిది ఆ బాపతు కాదు. నర్సీపట్నంలో దొంగలన్నవాళ్లందరూ బంగారాన్నీ బైకుల్నీ పక్కనపెట్టి తన చెప్పుల మీదే కన్నేశారని ఆయన నమ్మకం. పైగా ఇది పుట్టుకతో వచ్చిన భయం కాదు. కొందరికి రిటైరయ్యాక షుగరు వచ్చినట్టు ఆయనకు ఇది వచ్చింది. హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పినన్నాళ్లూ ఇలాంటి లక్షణాలేవీ కనిపించలేదని ఆయన భార్య శారదాంబ ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్పగలదు.

పోనీ అవి అంతటి చెప్పులా అంటే, ఎడమదాని పట్టీ గోధుమరంగు, కుడిదాని పట్టీ నలుపు. మడమల దగ్గర అరిగిపోయి, వేసుకున్నా నేల చల్లదనం తెలుస్తూనే ఉంటుంది. కుట్టే అతను కూడా వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, సూది దింపడానికి ఇక చోటు లేదని చేతులెత్తేశాడు.

"వీటిని కుక్క కూడా ముట్టుకోదండీ" అనేది శారదాంబ.

"కుక్కల సంగతి నీకు తెలీదు" అనేవారు మాస్టారు, చాలా గంభీరంగా.

ఈ చెప్పుల కాపలాకి ఆయన ఏకంగా ఒక మనిషిని పెట్టుకున్నారు. అబీద్ సెంటర్ దగ్గర మూతపడ్డ బట్టల షాపు ఒకటుంది. దాని అరుగు మీద సత్తిరాజు అనే ముసలాయన ఒక గోనెసంచీతో ఉంటాడు. ఇల్లు లేదు, నా అన్నవాళ్లు లేరు. ఒకప్పుడు రైసుమిల్లులో వాచ్‌మన్. మిల్లు పోయింది, మిల్లు వెనకాల గది పోయింది, ఆయన మాత్రం మిగిలాడు. మాస్టారు రోజూ పొద్దున్నే వచ్చి ఆ అరుగు ముందు చెప్పులు విప్పి, "సత్తిరాజూ, జాగ్రత్త" అని చెప్పి, అక్కడి నుంచి ఊరంతా ఉత్తకాళ్లతో తిరిగి పనులు చక్కబెట్టుకొచ్చేవారు. తిరిగొచ్చాక ఎదురుగా ఉన్న సింహాద్రమ్మ టిఫిన్ బండి మీద ఇడ్లీ ప్లేటు చెప్పి సత్తిరాజు చేతికిచ్చి, చెప్పులు తొడుక్కుని ఇంటికొచ్చేవారు.

గుడికైతే సరే. మందుల షాపుకి చెప్పులెందుకు విప్పడం అని శారదాంబ అడిగింది.

"ధన్వంతరి ఉండే చోటు."

"కూరగాయల మార్కెట్టు?"

"శాకంబరి."

"కరెంటు బిల్లు కౌంటరుకి ఏ దేవుడండీ?"

మాస్టారు కాసేపు ఆలోచించి, "అగ్నిహోత్రుడు" అన్నారు. క్షవరానికి వెళ్లిన రోజున ఏ దేవుణ్ణీ తేలేకపోయారు. అయినా చెప్పులు అరుగు దగ్గరే ఉన్నాయి. ఎండాకాలంలో తారురోడ్డు మీద ఆయన ఒక నీడలోంచి ఇంకో నీడలోకి గెంతుతూ వెళ్తుంటే, పాత శిష్యులు బళ్లు ఆపి, మోకాళ్ల నొప్పికి ఇదేదో కొత్త వ్యాయామం కాబోలనుకుని ఎన్ని రోజులు చెయ్యాలని అడిగేవారు.

అసలు సత్తిరాజుకి ఏదైనా చెయ్యాలా వద్దా అని ఊళ్లో పెద్ద చర్చే ఉండేది. మాస్టారి పక్కింటి జగదీశ్వరరావు గారిది వద్దనే పక్షం.

"ఇలాంటివాళ్లకి పెట్టకూడదు మాస్టారూ. పెడితే అలవాటైపోతుంది" అనేవారు ఆయన.

"మీ ఆవిడ మీకు రోజూ పెడుతూనే ఉందిగా. అలవాటైందా?"

"అది వేరు."

"నేను పెట్టడం లేదండీ. చెప్పులు చూస్తున్నాడు, తింటున్నాడు. ఇది డ్యూటీ" అని మాస్టారు ఆ చర్చ ముగించేవారు.

చెయ్యాలన్న పక్షం వాళ్లు మాత్రం ఊరుకున్నారా? చలికాలంలో ఒక సంఘం వాళ్లు దుప్పటి పట్టుకొచ్చారు. ఫొటో తీసినంతసేపూ సత్తిరాజు దాన్ని బుద్ధిగా పట్టుకుని నించున్నాడు. తర్వాత చక్కగా మడతపెట్టి, "ఫొటో అయిపోనాదేటండి? ఇదిగోండి మీ దుప్పటి" అని తిరిగిచ్చేశాడు. వాళ్లకి ఏం చెయ్యాలో తోచక అదే దుప్పటితో బస్ కాంప్లెక్స్ దగ్గర ఇంకో ఫొటో తీసుకున్నారు. మరెవరో పుణ్యాత్ములు ఆయన్ని ఆటో ఎక్కించి ఆశ్రమంలో దింపి వచ్చారు. మర్నాటికల్లా సత్తిరాజు అరుగు మీదున్నాడు. "ఆడ ఊరికినే కూకోబెట్టి పెడతన్నారండి. నాను అడుక్కునీవోణ్ణి కాను కదండి" అన్నాడు.

శారదాంబ ఇవన్నీ వింటూనే ఉంది. ఆమె బాధ సత్తిరాజు గురించి కాదు, ఊరి దృష్టిలో తన మొగుడు ఏమైపోతున్నాడన్నది. ఆ బాధ బ్యాంకులో ముదిరింది.

పెన్షనుకి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఇద్దరూ వెళ్లారు. మాస్టారు యథాప్రకారం ఉత్తకాళ్లతో ఉన్నారు. అనూహ్య అని కొత్తగా వచ్చిన మేనేజరమ్మాయి చూసి, "సార్, ఇక్కడ చెప్పులు విప్పక్కర్లేదండీ" అంది.

"లక్ష్మీదేవి ఉండే చోటమ్మా."

"లక్ష్మీదేవి హెడ్డాఫీసులో ఉంటారు సార్. ఇది బ్రాంచే" అంది ఆ పిల్ల. తర్వాత మాస్టారు సంతకం పెట్టే హడావిడిలో ఉండగా శారదాంబ వైపు వంగి, గొంతు తగ్గించి, "ఆంటీ, ఏమీ అనుకోకండి. సార్ రోజూ ఎండలో వెళ్తుంటే మా స్టాఫ్‌కి కష్టంగా ఉంది. అందరం కలిసి ఒక జత కొనిద్దామనుకుంటున్నాం" అంది.

శారదాంబకి చెవులు వేడెక్కాయి. ఆ పిల్ల మంచితనంతోనే అంది, అందులో వంక పెట్టడానికేమీ లేదు. అదే ఇంకా మంటగా ఉంది. ఇంటికొచ్చాక కూడా ఆమెకి అన్నం సయించలేదు. మర్నాడే మంచి తోలుచెప్పులు కొనుక్కొచ్చి గుమ్మంలో పెట్టింది. మాస్టారు వాటిని మెచ్చుకుని, ఇలాంటివి పోతే ప్రాణం ఉసూరుమంటుందని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. పాతవి తొడుక్కుని అరుగు దగ్గరికి బయల్దేరారు.

ఇక ఆమె ఆగలేదు. కూరల సంచీ పట్టుకుని తానూ వెనకాలే వెళ్లింది. మాస్టారు శాకంబరి దర్శనంలో ఉన్నారు. సత్తిరాజు సీసాతో నీళ్లు పట్టుకోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లాడు. అరుగు ముందు చెప్పులు రెండూ అనాథల్లా ఉన్నాయి. శారదాంబ ఇటూ అటూ చూసి, వాటిని సంచీలో తోటకూర కట్టల కింద తోసి, ఆటో ఎక్కి ఇంటికొచ్చేసింది. అటక మీద ఏటికొప్పాక బొమ్మలపెట్టెలో, లక్కఏనుగుల మధ్య వాటిని దాచేసింది. ఇవాళ్టితో పీడ విరగడైంది, సాయంత్రానికి కొత్తవి తొడుక్కోక ఛస్తారా అనుకుంది.

మాస్టారు ఎండ నడినెత్తికెక్కాక వచ్చారు. ఉత్తకాళ్లతోనే వచ్చారు. చేతిలో ఎవరివో రబ్బరుచెప్పులున్నాయి.

"చెప్పులు పోయాయా?" అంది శారదాంబ, ముందుగా సాధన చేసుకున్న ఆశ్చర్యంతో.

"చెప్పులు పోతే పోయాయి. సత్తిరాజు పోయాడు."

"పోయాడా?"

"ఊరొదిలి. నా చెప్పులుండే చోట తన చెప్పులు పెట్టి వెళ్లిపోయాడట. 'మేస్టారి కాళ్లు కాల్తాయి, ఇయ్యేసుకోమని సెప్పు. నానింక కాపలాకి పనికిరాను' అన్నాడట సింహాద్రమ్మతో. ఆమె ఇవ్వబోతే ఇడ్లీ కూడా ముట్టుకోలేదట." ఆయన ఆ రబ్బరుచెప్పుల్ని గుమ్మం పక్కన జాగ్రత్తగా పెట్టి, కుర్చీలో కూలబడ్డారు.

"అదేంటండీ, పోతే పోయాయంటారు? చెప్పులంటే మీకు ప్రాణం కదా."

మాస్టారు ఆమె వైపు, పరీక్షలో తెల్లకాగితం ఇచ్చిన పిల్లవాడి వైపు చూసినట్టు చూశారు. "శారదా, ఆమధ్య ఉపమాక కొండకి వెళ్లినప్పుడు నా చెప్పులు పోయాయి, గుర్తుందా?"

"ఎందుకు లేదు? ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేదాకా మీకే తెలీలేదు."

"అలాంటివాడికి చెప్పుల భయం ఎందుకొస్తుందే?"

శారదాంబ కొంగుతో చేతులు తుడుచుకుంటూ కుర్చీ దగ్గరికొచ్చింది.

"మొదట్లో వాడికి అరటిపళ్లిచ్చాను, పుచ్చుకోలేదు. అన్నం పొట్లం పట్టుకెళ్లాను, 'ఏం పని సేసేనని తినాల' అన్నాడు. ఎండిపోయి ఉన్నాడే మనిషి. నాకు నిద్ర పట్టేది కాదు. ఒకరోజు ఆ షాపు పైనున్న డాక్టరు గారి దగ్గరికి మేడెక్కుతూ చెప్పులు ఆ అరుగు దగ్గరే విప్పాను. దిగొచ్చేసరికి, 'కుక్క లాక్కుపోబోయిందండి మేస్టారు, నాను తోలీసేను' అన్నాడు. ఆ రోజు ఇడ్లీ తీసుకున్నాడు. కడుపునిండా తిన్నాడు. అప్పట్నుంచీ నాకు చెప్పుల భయం పట్టుకుంది."

"నాకైనా చెప్పొచ్చుగా."

"చెప్తే నువ్వు జాలిపడేదానివి. జాలి మొహంలో తెలిసిపోతుంది. వాడికి అది పడదు. ఇల్లు ఇవ్వడం నాకు చేతకాలేదు. ఏదో పని ఇవ్వడం చేతనైంది. ఇప్పుడు అదీ పోయింది."

బ్యాంకు మేనేజరమ్మాయి వంగి మెల్లగా అన్న మాట శారదాంబకి గుర్తొచ్చింది. ఒక్క జత చెప్పులు ఊరికే ఇస్తామంటేనే తనకి అన్నం సయించలేదు. సత్తిరాజు అలా ఎన్ని పూటలు పస్తులున్నాడో అనుకుంది. వెంటనే స్టూలు తెచ్చి, అటక మీంచి బొమ్మలపెట్టె దింపింది. ఇప్పుడు బొమ్మల కొలువేమిటని మాస్టారు అడగబోయేలోపు, ఏనుగుల మధ్యలోంచి గోధుమరంగు పట్టీ, నల్లపట్టీ బయటికొచ్చాయి.

మాస్టారు వాటిని చేతిలోకి తీసుకున్నారు.

"దొంగలున్నారు ఉన్నారంటే ఎవరూ నమ్మలేదు" అన్నారు.

"తర్వాత తిడుదురుగాని. బేగి ఆటో పిలవండి" అంది శారదాంబ.

సింహాద్రమ్మ చూపించిన కోటవురట్ల రోడ్డు మీద, ఊరు దాటాక ఒక కల్వర్టు మీద సత్తిరాజు కనిపించాడు. గోనెసంచీ ఒళ్లో పెట్టుకుని, కాలిన పాదాలు గడ్డి మీద ఆనించి కూర్చున్నాడు. మాస్టార్ని చూసి లేచి నించున్నాడు గానీ తల ఎత్తలేదు.

"చెప్పులు దొరికాయి సత్తిరాజూ" అన్నారు మాస్టారు.

"నేనే తీసుకెళ్లాను. తప్పు నాది" అంది శారదాంబ.

సత్తిరాజు చెప్పుల్ని చూశాడు, ఆమెని చూశాడు. "తవరు తీసికెల్లినా ఒకటే, దొంగోడు తీసికెల్లినా ఒకటేనండి అమ్మగారు. కాపలా ఒగ్గీసి కుళాయి కాడికెల్లేను కదా. నాను ఉద్యోగానికి పనికిరానండి."

శారదాంబ కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"అవును, తప్పే. ఏమయ్యా, కాపలా మనిషివి, అలా వదిలేసి వెళ్లిపోతావా? మాటలతో సరిపోతుందా? ఇకమీదట ఈయనవే కాదు, నావి కూడా నువ్వే చూడాలి" అని తన చెప్పులు విప్పి సత్తిరాజు ముందు పెట్టింది.

సత్తిరాజు మొదటిసారి తలెత్తాడు. రెండు జతలనీ మార్చి మార్చి చూశాడు.

"రెండు జతలండి?"

"రెండు జతలు."

"ఆడోళ్ల సెప్పులు సానా కొత్తగున్నాయండి. ఇలాటియ్యి సూడ్డం కష్టం."

"కష్టమే."

"పని పెరిగిందండి మరి" అన్నాడు సత్తిరాజు, గొంతు సవరించుకుని. "ఇడ్లీతో అవ్వదండి. కాపీ కూడా ఉండాల."

"కాఫీ దేనికయ్యా? మంచినీళ్లు చాలవూ?" అంది శారదాంబ. బేరమాడకపోతే మర్యాదగా ఉండదని ఆమెకి అప్పటికే తెలిసిపోయింది.

"అయితే తవరు ఇంకోణ్ణి సూసుకోండి."

కాసేపు గీచిగీచి బేరమాడి చివరికి ఒప్పుకుంది. ఆటోలో తిరిగొస్తున్నంతసేపూ రెండు జతలూ సత్తిరాజు ఒళ్లోనే ఉన్నాయి. మాస్టారు, శారదాంబ ఉత్తకాళ్లతో చెరోపక్కా కూర్చున్నారు.

వానలు మొదలవగానే శారదాంబ సింహాద్రమ్మ దగ్గరికెళ్లి, "చెప్పులు తడిసిపోతున్నాయి" అని ఫిర్యాదు చేసింది. సింహాద్రమ్మ ఆమెని ఎగాదిగా చూసి, "మా ఇంటెనకాల సామాన్ల గది ఉందమ్మా. సెప్పులు అందులో ఎట్టుకోండి. సెప్పులున్నాక కాపలా మనిసి ఉండాల కదేటి" అంది. సత్తిరాజు ఆ గది చూసి, చూరు కారడం లేదు కాబట్టి చెప్పులకి పరవాలేదన్నాడు. గోనెసంచీ మూల పెట్టుకున్నాడు. పగలు అరుగు, వానకీ రాత్రికీ గది అని డ్యూటీ ఖాయమైంది.

తర్వాత బ్యాంకుకి వెళ్లినప్పుడు అనూహ్య, "ఆంటీ, మీరు కూడానా?" అంది కంగారుగా.

"లక్ష్మీదేవి ఉండే చోటమ్మా. బ్రాంచైనా సరే" అని శారదాంబ జరిగిందంతా ఆమె చెవిలో చెప్పింది. మర్నాటి నుంచి బ్యాంకు వాళ్లంతా అరుగు దగ్గరే చెప్పులు విప్పసాగారు. ఆఖరికి జగదీశ్వరరావు గారు కూడా ఒకరోజు హార్డ్‌వేర్ షాపు ముందు ఉత్తకాళ్లతో దొరికిపోయారు. మాస్టారు ఆగి ఆయన పాదాల వైపు చూశారు.

"విశ్వకర్మ" అన్నారు జగదీశ్వరరావు గారు, ఆయన అడగకుండానే.

మొన్నామధ్య నక్కపల్లి నుంచి పనిమీద వచ్చిన ఒక పెద్దమనిషి, మూతపడ్డ షాపు ముందు అన్ని చెప్పులు వరసగా ఉండటం చూసి, తానూ విప్పేసి, షట్టరు వైపు తిరిగి చెంపలు వేసుకుని దణ్ణం పెట్టుకున్నాడట.

"గుడి ఎప్పుడు తీస్తారు?" అని అడిగాడట సత్తిరాజుని.

"అది నాకు తెల్దండి. నాది సెప్పుల డ్యూటీ" అన్నాడట సత్తిరాజు, కాఫీ తాగుతూ.