చల్లగా ఉందన్న మునిలక్ష్మి

తొమ్మిదేళ్ళప్పుడు మునిలక్ష్మి మోకాలికి ఆపరేషన్ చేశారు. నడుముకి వేసిన మత్తు సూది పనిచెయ్యలేదు. కత్తి తగలగానే అరిచింది.

"నాటకాలు! మందు ఎప్పుడో పట్టింది. గట్టిగా పట్టుకోండి" అన్నాడు డాక్టరు. పట్టుకున్నారు. తర్వాత తల్లి కదిరమ్మ కూడా, "అంత పెద్ద డాక్టరు అబద్ధం చెప్తాడా?" అనింది. ఆయన పేరు వాళ్ళ వీధిలో ఇప్పటికీ గౌరవంగానే తలుచుకుంటారు. మునిలక్ష్మి మాత్రం ఆ తర్వాత ఏ తెల్లకోటునూ నమ్మలేదు.

పుట్టుకతోనే ఆమె కీళ్ళు బిగుసుకుపోయాయి. మణికట్లు లోపలికి వంగి ఉంటాయి, కాళ్ళు కదలవు. నోరు రెండు వేళ్ళు పట్టేంతే తెరుచుకుంటుంది. అయినా దొడ్డబళ్ళాపురంలో చీర కొంగులకు కుచ్చులు కట్టించాలంటే ఆమె దగ్గరికే వస్తారు. దారం కొస పళ్ళతో పట్టుకుని ముడి వేస్తుంది. ఆ ముడులు చూసే, మగ్గం పనివాడు దేవరాజ్ ఆమెను చేసుకున్నాడంటారు.

కడుపుతో ఉండగా బెంగళూరు పెద్దాసుపత్రికి పంపారు. సిజేరియన్ తప్పదన్నారు. మత్తు డాక్టరు సమీనా విడమరిచి చెప్పింది: "నీ నోరు సరిగ్గా తెరుచుకోదు. పూర్తి మత్తిచ్చి గొంతులో గొట్టం వెయ్యడం ప్రమాదం. వెన్నులో సన్నటి గొట్టం పెట్టి కొద్దికొద్దిగా మందిస్తా. కడుపు నుంచి కిందికి మొద్దుబారుతుంది."

"మొద్దుబారిందని ఎవురు చెప్పేది? నువ్వా, నేనా?"

"నువ్వే."

మునిలక్ష్మి నవ్వింది. బల్ల ఎక్కించేదాకా అందరూ ఇట్లాగే చెప్తారు.

ఆపరేషన్ గదిలో మందిచ్చాక సమీనా మంచుముక్కను కడుపుకి ఆనించింది. "చల్లగా ఉందా?"

మునిలక్ష్మికి ఏమీ తెలియలేదు. ఆ మాట అంటే వెంటనే కోస్తారు.

"చల్లగా ఉండాది."

ఇంకొంచెం పైన. "ఇక్కడ?"

"ఉండాది."

సర్జన్ విసుక్కున్నాడు. "కాళ్ళు కదలడం లేదు కదా మేడం. భయంతో చెప్తోంది. మొదలుపెడదాం."

"ఆ కాళ్ళు ఎప్పుడు కదిలాయి సార్? నాకు ఆమె మాటే లెక్క. ఉందంటే ఉన్నట్టే." సమీనా ఆమె వైపు వంగింది. "ఇంకొంచెం మందిస్తానమ్మా. ఎక్కువైతే ఊపిరి బరువెక్కుతుంది. అట్లా అనిపిస్తే వెంటనే చెప్పు."

సిరంజి అందుకుంది. మునిలక్ష్మి ఆ చేతినే చూసింది. నటన కాదు, నిజంగానే ఎక్కించబోతోంది. ఈమె నమ్మింది.

"వద్దమ్మా! అబద్ధం చెప్పినా. ఏమీ తెలీడంలా."

సమీనా చెయ్యి ఆగింది. "ఇదైనా నిజమేనా?"

"గిల్లి చూడు. గట్టిగా గిల్లు."

గిల్లింది. మునిలక్ష్మి రెప్ప కూడా కదల్లేదు.

ఆడపిల్ల పుట్టింది. మునిలక్ష్మి నర్సు చేత బిడ్డ వేళ్ళు ఒక్కొక్కటే తెరిపించి చూసింది. అన్నీ తెరుచుకున్నాయి. "మళ్ళా తెరువు" అనింది.

ఇంటికి పంపే రోజు సమీనా వచ్చి పలకరించింది. వాళ్ళు కలవడం అదే చివరిసారి. మునిలక్ష్మి ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వు నమ్మినావు, సరే. రేపు ఈ పిల్ల ఎప్పుడన్నా బల్ల ఎక్కితే, ఆ పొద్దు డ్యూటీలో నువ్వే ఉంటావా అమ్మా?"